మరో చరిత్ర, మా ఇంటి పంచాయితీ

మా ఇంట్లో ఏ సినిమా గురించైనా మాటలు కంచాలు ఎత్తేదాకానే. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయేవారు. ‘మరో చరిత్ర’ ఒక్కటే అలా వదల్లేదు. 1978 మే నెలలో విడుదలైంది. ఆ వేసవి సెలవులు అయిపోయాయి, నేను పదో తరగతి పుస్తకాలకి అట్టలు కూడా వేసేసుకున్నాను, అయినా ఇంట్లో ఎవరో ఒకరు ఆ పిల్లా పిల్లాడి గొడవ ఎత్తుతూనే ఉన్నారు. దాని మీద ఇద్దరు ఒకే మాట అనగా నేను వినలేదు.

మాది విశాఖపట్నం. సినిమా చాలావరకు తీసింది మా ఊళ్ళోనూ, భీమిలిలోనూ. అందుకని మా వీధి జనం మొదట వెళ్ళింది కథ కోసం కాదు, మన బీచి తెర మీద ఎలా ఉందో చూద్దామని. చూసొచ్చినవాళ్ళకి ముందు కోపం వచ్చింది రంగుల మీద. అప్పటికి కలర్ సినిమా మామూలైపోయింది. బాలచందర్ గారేమో నలుపు తెలుపులో తీశారు. “ఇంత సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని నీలం చూపించకపోతే ఎలాగండీ” అని నాన్న ఆఫీసులో ఒకాయన తెగ బాధపడిపోయారట. నాకు మాత్రం ఆ సముద్రం బాగా తెలిసినట్టే అనిపించింది. మబ్బు పట్టిన రోజు పొద్దున్నే చూస్తే మా సముద్రానికి ఉండేది ఆ రంగే. లోకనాథ్ గారి కెమెరా దాన్ని అలాగే పట్టింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా పక్క వాటాలో ఒక తమిళ కుటుంబం ఉండేది. ఇంటాయన షిప్‌యార్డులో పనిచేసేవారు. ఆవిడని మేమందరం మామి అనేవాళ్ళం. సినిమాలోనూ అంతే కదా, పక్కపక్క ఇళ్ళు, ఒకటి తెలుగు, ఒకటి తమిళం. తమిళ కుర్రాడు బాలుగా కమల్ హాసన్, తెలుగమ్మాయి స్వప్నగా సరిత. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ ప్రేమించుకుంటారు, రెండిళ్ళలోనూ రభస. చివరికి పెద్దవాళ్ళు ఒక షరతు పెడతారు: ఏడాదిపాటు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు. అప్పటికీ ఇదే మాట మీద ఉంటే పెళ్ళి చేస్తాం అని. ఊరు వదిలి వెళ్ళిన బాలుకి సంధ్య అని, చిన్న వయసులోనే భర్త పోయిన డాన్సు టీచరు పరిచయం అవుతుంది. అపార్థాలు, ఒక పెళ్ళి దాకా వచ్చి ఆగిపోవడం, చివర్లో ఇద్దరూ చనిపోవడం. ఇదీ కథ. మా రెండు వాటాల మధ్య ఉన్నదల్లా నడుం ఎత్తు పిట్టగోడ. ఆ సినిమా వచ్చాక ఆ గోడ దగ్గర అమ్మా మామీ కూరలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కూడా కాస్త ఇబ్బందిగా నవ్వుకునేవారు. మామికి పెళ్ళీడు కొడుకు లేడు కాబట్టి సరిపోయింది.

బాబాయి అప్పుడు ఏ.వి.ఎన్. కాలేజీలో డిగ్రీ చదువుతున్నాడు. సినిమా ఎన్నిసార్లు చూశాడో ఇంట్లో చెప్పేవాడు కాదు గానీ, చొక్కా జేబులో పాటల పుస్తకం నలిగి నలిగి గుడ్డపీలికలా తయారైంది. ‘ఏ తీగ పూవునో’ పాట మధ్యలో కమల్ హాసన్ అనే తమిళ మాటల కోసం మామి దగ్గరికి వెళ్ళి పాఠాలు చెప్పించుకున్నాడు. ఆవిడకి అనుమానం వచ్చి “ఎవరైనా తమిళ పిల్ల ఉందా ఏమిటి?” అని అమ్మని చాటుగా అడిగింది. లేదు, వట్టి సినిమా పిచ్చే. ఆదివారం స్నేహితులతో భీమిలి బస్సెక్కి పోయి, అక్కడి పాడుబడిన గోడల మీద ఎవరెవరో బొగ్గుతో రాసిన జంట పేర్లన్నీ చదివి వచ్చేవాడు. తన పేరు పక్కన రాసుకోవడానికి ఇంకో పేరు లేదని తిరిగొచ్చాక మొహం మాడ్చుకుని కూర్చునేవాడు.

నాన్నకీ బాబాయికీ వాదన షరతు దగ్గర మొదలయ్యేది.

“ఏడాది ఆగండి అన్నారు. అంతకన్నా మర్యాదగా చెప్పే పెద్దలు ఏ ఊళ్ళో ఉన్నార్రా?” అనేవారు నాన్న.

“ఉత్తరం ముక్క కూడా రాసుకోకూడదంటే అది ఆగమనడం కాదన్నయ్యా, మరిచిపొమ్మనడం.”

“మరిచిపోతే పోనీ. మరిచిపోయేదాన్ని ప్రేమంటారా?”

ఇక్కడికి వచ్చేసరికి బాబాయి దగ్గర జవాబు ఉండేది కాదు. లేచి వీధిలోకి పోయేవాడు. ఆ ప్రశ్నకి మాత్రం నాన్నే గెలిచారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, నేను ఉన్నది బాబాయి పక్షమే అయినా.

అమ్మకి ఈ పెద్ద పెద్ద విషయాలతో పని లేదు. ఆవిడకి గుచ్చుకున్నది ఫొటో సీను. పిల్ల దగ్గరున్న బాలు ఫొటోని తల్లి తగలబెడితే, స్వప్న ఆ బూడిద కలుపుకుని తాగేస్తుంది. థియేటరంతా ఈలలు. “తగలబెట్టడమేంటండీ, పిల్ల చూడకుండా తీసి ఎక్కడో దాచేస్తే పోయేదానికి” అంది అమ్మ, రిక్షాలో తిరిగొస్తూ. ఆ రాత్రే నేను నా లెక్కల పుస్తకంలో ఉన్న కమల్ హాసన్ బొమ్మ చోటు మార్చేశాను. సినిమా చూడకుండానే తీర్పులు చెప్పే నాయనమ్మ ఈ సీను గురించి విని, “ఓలమ్మ, బూడిద తాగితే కడుపేటయిపోద్దే! ఆ సినిమావోడికి బుద్ధుండక్కర్లేదా?” అని ఊరుకుంది. ఆవిడ దృష్టిలో ఆ కథకి వేరే నీతి లేదు.

మామి అభిప్రాయం పూటకో రకంగా మారేది. తమిళ కుర్రాడు తెలుగు సినిమాలో హీరో అయినందుకు గర్వం, చివర చనిపోయినందుకు కోపం. మద్రాసు నుంచి వాళ్ళ తమ్ముడి ఉత్తరం వచ్చిన రోజున మాత్రం గర్వానిదే పైచేయి అయింది. అక్కడ ఈ సినిమాని తమిళంలోకి డబ్బింగు చేయకుండా తెలుగులోనే ఆడిస్తున్నారని, సఫైర్ థియేటర్లో టిక్కెట్లు దొరకడం లేదని రాశాడు. అక్కడ మొత్తం 596 రోజులు ఆడింది. మా ఊళ్ళో తీసిన మా భాష సినిమాని మాకన్నా మద్రాసు వాళ్ళు ఎక్కువ రోజులు చూశారన్నమాట. మామి ఈ సంగతి పిట్టగోడ మీంచి నాలుగైదు ఇళ్ళకి చేరేలా చెప్పింది.

ఇవన్నీ సరదా గొడవలు. నాకు సరదా కానిది ఒకటుంది.

కాకినాడ నుంచి మా అత్త సెలవలకి వచ్చింది. అందరం కలిసి మళ్ళీ వెళ్ళాం. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అత్త అన్న మొదటి మాట: “కమల్ హాసన్ పక్కన ఆ నల్లపిల్లేమిటే? అంతమంది ఉండగా ఆయనకి వేరే పిల్లే దొరకలేదా?” ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. మిగతావాళ్ళందరూ కూడా నా వైపు చూడకుండా ఉండటానికి ఏదో ఒక పని కల్పించుకున్నారు. దాంతో నాకు ఇంకా బాగా అర్థమైంది.

నేను నలుపు. మా ఇంట్లో నేనొక్కదాన్నే నలుపు. నాన్నవైపు ఎవరో ముత్తవ్వ పోలిక అనేవారు. ఆదివారం తలంటు ముందు అమ్మ నాకు మాత్రమే శనగపిండిలో పసుపు ఎక్కువ కలిపేది, రుద్దడం కూడా కాస్త గట్టిగానే రుద్దేది. దాని మీద నాకు అప్పట్లో పెద్ద ఫిర్యాదులేవీ లేవు. నల్లపిల్లలకి అలా రుద్దుతారు, అంతే అనుకునేదాన్ని. సినిమాల్లో నాలాంటి పిల్ల కనిపిస్తే హీరోయిన్ వెనకాల నీళ్ళబిందె మోస్తూ కనిపించేది, లేకపోతే కమెడియన్ చేత మాటలు పడుతూ.

సరిత మొదటిసారి తెర మీదకి వచ్చినప్పుడు, ఈ అమ్మాయి ఎవరి చెల్లెలో, అసలు హీరోయిన్ ఎప్పుడొస్తుందో అని చూశాను. అబద్ధం చెప్పడం దేనికి, నేనే అలా అనుకున్నాను. కాసేపటికి కెమెరా ఆ కళ్ళ దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. అంతంత కళ్ళు. పౌడరు పూసి తెలుపు చేసినట్టు లేదు. దీపాలు పెట్టి వెలిగించినట్టూ లేదు. ఇంట్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది, వీధిలో ఎలా నడుస్తుందో అలాగే నడుస్తోంది. ఆ కుర్రాడు ఆ పిల్ల వెంట పడి పిచ్చివాడైపోతుంటే అందులో వింతేమీ లేనట్టు కథ నడిచిపోయింది. లిఫ్టులో సినిమా పేర్లు కూర్చి పాడే ‘కలసి ఉంటే కలదు సుఖము’ పాటకి హాలంతా నవ్వుతోంది. నేను మాత్రం ఆ అమ్మాయి మొహమే చూస్తూ కూర్చున్నాను.

మా స్కూల్లో కూడా దీని మీద రెండు జట్లు అయ్యాయి. కథ కోసం కాదు, సరిత కోసం. “బాగుంటుంది గానీ అందంగా ఉండదు” అని ఒక జట్టు. ఈ రెండింటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే వాళ్ళు చెప్పలేకపోయేవాళ్ళు. రెండో జట్టులో నేను, ఇంకో ఇద్దరు ముగ్గురం. జట్టు చిన్నదే గానీ గొంతు పెద్దది. ఆ ఏడాది నేను రెండు జడలు మానేసి ఒక జడ మొదలుపెట్టాను. ఎందుకో అమ్మ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మూడేళ్ళు తిరిగాక, 1981లో, అదే కథ హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా వచ్చింది. నేను అప్పటికి కాలేజీలో ఉన్నాను. దేశమంతా ఊగిపోయిన సినిమా అది. మా గ్యాంగంతా కట్టగట్టుకుని వెళ్ళాం. దర్శకుడు ఆయనే, బాలచందర్ గారు. హీరో అతనే, కమల్ హాసన్. సంధ్య కూడా ఆవిడే, మాధవి. ముగ్గురూ అక్కడిదాకా వెళ్ళారు. స్వప్న ఒక్కతే వెళ్ళలేదు. ఆమె చోట్లో రతీ అగ్నిహోత్రి, పాలరాయిలా. రతి బాగా చేయలేదని నేను అనను, పాపం ఆ అమ్మాయి తప్పేముంది? అక్కడ కథలో పిల్ల హిందీ పిల్ల కాబట్టి హిందీ అమ్మాయే కావాలి కదా అని బాబాయి అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ హాల్లోంచి బయటికొస్తూ మా గ్యాంగులో ఒకమ్మాయి “ఇప్పుడు కరెక్టుగా ఉంది జోడీ” అంది. అంటే మొదటిసారి ఏం తప్పు ఉందని? అడుగుదామనుకుని ఆగిపోయాను. తెరిచిన నోరు మూసుకుని బఠాణీలు నమిలాను.

సరిత గారు ఆ తర్వాత ఎన్నో మంచి పాత్రలు చేశారు, అది వేరే సంగతి. నాకు నవ్వొచ్చేది ఇంకొకటి. 80లు, 90లు వచ్చేసరికి వేరే హీరోయిన్లకి డబ్బింగు చెప్తూ, ఎక్కడ విన్నా ఆవిడ గొంతే. విజయశాంతి గర్జిస్తే సరిత గొంతు, నగ్మా నవ్వితే సరిత గొంతు, సౌందర్య ఏడిస్తే సరిత గొంతు. టీవీలో ఆ మాట వినబడగానే నేను వంటింట్లోంచి “అదిగో మా సరిత” అని అరిచేదాన్ని. పిల్లలు బయటికొచ్చి చూసి “ఎక్కడ?” అనేవారు. తెర మీద ఉండేది కాదుగా.

మళ్ళీ ముగింపు దగ్గరికి రావాలి, ఎందుకంటే మా ఇంటి పంచాయితీలో తెగని వ్యాజ్యం అదే. హిందీ సినిమా ఆడుతున్న రోజుల్లో ప్రేమజంటలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు వచ్చాయి. దాంతో కొన్నాళ్ళు ముగింపు మార్చి చూశారని, జనం ఒప్పుకోక మళ్ళీ పాతదే పెట్టారని చెప్పుకునేవారు. నాన్న పేపరు మడిచి బాబాయి ముందు పెట్టారు, ఏమీ అనకుండా. బాబాయికి అప్పటికి ఉద్యోగం వచ్చింది, పెళ్ళిచూపులు నడుస్తున్నాయి. పాటల పుస్తకం ఏమైందో నాకు తెలియదు. ఆ రోజు మాత్రం అతను వాదించలేదు.

నేను వాదించాను. కాలేజీకి వెళ్తున్నాను కదా, నోరు లేచింది. పిల్లలు మాట నిలబెట్టుకున్నారు, ఏడాది గడిపారు. ఇక పెద్దవాళ్ళు నోరెత్తడానికి లేదు. సరిగ్గా ఆ ఘడియకి ఎక్కడినుంచో రౌడీలు దిగి బాలుని కొడతారు, ఇంకో దుర్మార్గుడు స్వప్నని పాడుచేస్తాడు. ఇద్దరూ చచ్చిపోతారు. ఇంతా జరిగాక, షరతు పెట్టిన తల్లిదండ్రులు మనతో పాటు కూర్చుని ఏడుస్తారు. చంపింది రౌడీలు కదా, మాదేం తప్పు అన్నట్టు. ఈ తప్పించుకోవడం నాకు నచ్చలేదు. అసలు మనుషుల మధ్య పుట్టిన గొడవని తీసుకెళ్ళి దారినపోయే దుర్మార్గుల నెత్తిన పెట్టేశారు అన్నాను. నాన్న చాలాసేపు ఆలోచించి “పెళ్ళి చేసి పంపిస్తే ఎవడికి గుర్తుంటుందమ్మా” అన్నారు. ఆయన అభిప్రాయం ఏమిటో నాకు అప్పటికి గానీ తెలియలేదు. షరతు మంచిదే అన్న మనిషే, ఆ పిల్లలు చనిపోవడం కథకి తప్పదని కూడా నమ్మారు. రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో.

స్వప్నకి జరిగినదాని గురించి మా ఇంట్లో ఎవరూ నేరుగా అనేవారు కాదు. “ఆ పిల్లకి అలా అయింది కదా” అని దాటేసేవారు. ఒకసారి వీధి చివర ఇంటావిడ వచ్చి కూర్చుని, “అలా అయ్యాక ఇంక బతికి మాత్రం ఏం లాభంలెండి, పోవడమే నయం” అంది. అమ్మ తలూపబోయింది.

గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న పిన్ని తల ఎత్తలేదు. “ఏం, బతికుంటే ఎవరికి అడ్డం?” అంది.

పిన్ని అమ్మకి చెల్లెలు. పెళ్ళైన కొద్దికాలానికే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. టైపు నేర్చుకుని ఉద్యోగం వెతుక్కుంటోంది అప్పట్లో. సినిమా గురించి ఇన్నాళ్ళ రచ్చలో ఆవిడ ఒక్క మాట కూడా కలపలేదని, ఆమెని అడగాలని కూడా ఎవరికీ తోచలేదని అప్పుడు తట్టింది నాకు. వీధి చివరావిడ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ నేనే అడిగాను, సినిమా నీకెలా అనిపించింది పిన్నీ అని. “ఆ డాన్సు టీచరు బాగుంది” అంది. అంతవరకు మా వాదనల్లో సంధ్య పేరు వచ్చిందే లేదు. బాలుకి ఆసరాగా నిలబడి, పెళ్ళి పీటల దాకా వచ్చి, వాడి మనసు ఎక్కడుందో చూసి తనే పక్కకి తప్పుకుంటుంది సంధ్య. బాలూ స్వప్నా చనిపోయాక థియేటరంతా ఏడుస్తుంది గానీ, ఆ తర్వాత సంధ్య ఏమైందని ఎవరూ అడగరు. పిన్ని అడిగింది. “వాళ్ళిద్దరి పనీ అయిపోయింది. మర్నాడు పొద్దున్న లేచి పిల్లలకి డాన్సు చెప్పాల్సింది ఆవిడే కదే.” చేతిలో ఉన్న దుప్పటి మడతపెట్టి నా చేతికిచ్చి కిందకి దిగిపోయింది.

2010లో అదే పేరుతో కొత్తగా మళ్ళీ తీశారు. దాని మీద మా ఇంట్లో భిన్నాభిప్రాయాలు లేవు.

మొన్న మా అమ్మాయి పాతది ఫోన్లో చూసింది. నలుపు తెలుపు దానికి తెగ నచ్చింది. అప్పటి నాన్న ఆఫీసాయనకి ఎవరైనా చెబితే బాగుండు. సరిత గురించి ప్రత్యేకంగా ఏమీ అనలేదు, “యాక్టింగ్ సూపర్” అని వదిలేసింది. రంగు ప్రస్తావన దాని నోట రాకపోవడం నాకెంత హాయిగా ఉందో దానికి తెలియదు. బాలు మీద మాత్రం నిప్పులు కక్కింది. లిఫ్టులో అలా వెంటపడి పాడితే ఇప్పుడైతే కంప్లైంట్ ఇస్తారమ్మా అంది. కోపంతో ఇంకో ఆవిణ్ణి పెళ్ళికి ఒప్పించడమేమిటి, ఆవిడేమన్నా వెయిటింగ్ రూమా అంది. “అసలు సినిమా సంధ్య మీద తీయాల్సింది” అని తేల్చేసింది.

నాకు పిన్ని గుర్తొచ్చి వెంటనే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఆవిడ బ్యాంకులో రిటైరై చాలాకాలమైంది, ఇప్పుడు చెవి కాస్త తక్కువ. బాబాయి కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడట, ఏదో కాగితం సంతకానికి వచ్చి. మనవరాలి మాట అంతా రెండుసార్లు చెప్పించుకుని పిన్ని ఒప్పుకుంది, అవును, సంధ్యే అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించాననుకుని మామూలుగానే అరిచింది:

“నాకు మొదట్నుంచీ ఆ కుర్రాడే నచ్చలేదే. కమల్ హాసన్ మొహం చూసి మీరంతా ఊరుకున్నారు గానీ.”

వెనకాల బాబాయి “ఫోన్ ఇలా ఇవ్వండి వదినా, ఇవ్వండి, నేను మాట్లాడతాను” అంటున్నాడు.